ఆయాసమా, ఉబ్బసమా? బరువు, ఆస్తమా రెండూ ఉన్న ఆడవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి

మా అక్కావాళ్ల ఇల్లు రెండో అంతస్తులో. లిఫ్ట్ లేదు. మొదటి అంతస్తు మలుపు దగ్గర కూరగాయల సంచి మెట్టు మీద పెట్టి, రెయిలింగ్ పట్టుకుని నిలబడి "నువ్వు పదవే, వస్తా" అనేది. అలా అనడం మొదలుపెట్టిన రెండేళ్ల దాకా అది నిజంగా జబ్బేనని మేమెవరం అనుకోలేదు. "కాస్త లావు తగ్గమ్మా, అదే పోతుంది" అని చుట్టుపక్కల వాళ్లందరిదీ ఒకటే మాట. వీధి చివర క్లినిక్‌లో ఆయన మాత్రం ఉబ్బసం అని చెప్పి ఒక సూది వేసి, మూడు రంగుల బిళ్లలు పొట్లం కట్టి ఇచ్చేవాడు. రెండు రోజుల్లో ఊపిరి హాయిగా ఆడేది. నెల తిరక్కుండా మళ్లీ అదే వరస. ఆ ఏడాదిలో ఆరు కిలోలు పెరిగి 78కి వచ్చింది, మొహం గుండ్రంగా ఉబ్బింది. ఆ బిళ్లల్లో ఒకటి స్టెరాయిడ్ అని చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను డాక్టర్ని కాను. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు అక్కతో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. మన భాషలో ఆయాసం వేరు, ఉబ్బసం వేరు. పని చేస్తే ఊపిరి అందకపోవడం ఆయాసం. అది బరువు వల్ల రావచ్చు, రక్తం తక్కువై రావచ్చు, గుండె వల్లా రావచ్చు. ఉబ్బసం అంటే శ్వాసనాళాలు లోపల వాచి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని, గాలి సన్నని దారిలో పోవడం. పిల్లికూతలు, తెల్లవారుజామున దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం దాని గుర్తులు. బరువు ఎక్కువున్న ఆడవాళ్లలో ఈ రెండూ కలిసిపోయి ఉండొచ్చు. ఏది ఎంతో విడదీయకపోతే లావు తగ్గమన్న సలహా గానీ, మందు డోసు పెంచడం గానీ పూర్తిగా పనిచేయదు. అందుకే ముందు కొలతలు, తర్వాత మందులు, ఆ తర్వాతే వంటింటి సంగతి.

అసలు బరువుకీ ఉబ్బసానికీ సంబంధం ఏమిటి

చిన్నప్పుడు ఉబ్బసం మగపిల్లల్లో ఎక్కువ. రజస్వల వయసు దాటాక లెక్క తిరగబడి ఆడవాళ్లలో ఎక్కువ అవుతుంది. అమెరికాలో సుమారు 86 వేల మంది మహిళా నర్సుల్ని 1991 నుంచి 1995 దాకా గమనించిన అధ్యయనంలో బరువు పెరిగే కొద్దీ కొత్తగా ఉబ్బసం రావడం మెట్టు మెట్టుగా పెరిగింది. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువుని చూసే లెక్క, ఎలా వేయాలో కింద చెబుతాను) 30 దాటిన వాళ్లకి, 20 నుంచి 22.4 మధ్య ఉన్నవాళ్లతో పోలిస్తే ముప్పు 2.7 రెట్లు. 18 ఏళ్ల వయసు తర్వాత ఎన్ని కిలోలు పెరిగారన్నది కూడా విడిగా ప్రభావం చూపింది. ముందు బరువు ఉంది, తర్వాత ఉబ్బసం వచ్చింది కాబట్టి, ఉబ్బసం ఉండి కదలక లావయ్యారు అన్న ఒక్క కారణంతో దీన్ని కొట్టిపారేయలేం.

ఇది రెండు దారుల్లో జరుగుతుంది. మొదటిది యాంత్రికం. పొట్ట మీద, ఛాతీ మీద కొవ్వు పేరుకుంటే విభాజక పటలం, అంటే డయాఫ్రమ్, పైకి నెట్టుకుపోతుంది. ఊపిరి వదిలాక లోపల మిగలాల్సిన గాలి తగ్గుతుంది. ఊపిరితిత్తులు సగం నిండిన బెలూన్‌లా పనిచేస్తాయి, చిన్న చిన్న నాళాలు సన్నబడి ఉంటాయి, కొంచెం రెచ్చగొడితే చాలు మూసుకుంటాయి. పడుకుంటే ఇది ఇంకా ఎక్కువ. రెండోది రసాయనికం. కొవ్వు ఊరికే నిల్వ ఉండే సరుకు కాదు, అది లెప్టిన్ లాంటి హార్మోన్లనీ, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు పెంచే పదార్థాలనీ రక్తంలోకి వదులుతూ ఉంటుంది.

ఇక్కడ డాక్టర్లు రెండు రకాల్ని చూస్తారు. చిన్నప్పటి నుంచి అలర్జీతో ఉబ్బసం ఉండి, తర్వాత బరువు పెరిగినవాళ్లు ఒక రకం. నడివయసులో బరువు పెరిగాక, అలర్జీ పెద్దగా లేకుండా, కొత్తగా ఉబ్బసం మొదలైనవాళ్లు ఇంకో రకం, వీళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. ఈ రెండో రకానికి పీల్చే స్టెరాయిడ్ మామూలుగా పనిచేసినంత బాగా పనిచేయకపోవచ్చు. మందు పెంచుకుంటూ పోయినా తగ్గట్లేదు అంటే ఇదీ ఒక కారణం. మా అక్కది ఈ రకమే.

మన దగ్గర ఇదేదో కొద్దిమంది సమస్య అనుకోవడానికి లేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో బీఎంఐ 25, అంతకు మించి ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. దేశం మొత్తానికి అది 24 శాతం.

మొదటి మెట్టు: టేపు, తూకం, ఒక కాగితం

బరువుని కిలోల్లో రాయండి. ఎత్తుని మీటర్లలో రాసి, దాన్ని దానితోనే గుణించండి. బరువుని ఆ సంఖ్యతో భాగిస్తే బీఎంఐ వస్తుంది. అక్కకి 78 భాగించు 1.54 x 1.54, అంటే 33 దగ్గర. భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. తెల్లవాళ్లకి వాడే 25, 30 హద్దులు మనకి సరిపోవు, ఎందుకంటే అదే బరువుకి మన ఒంట్లో కొవ్వు, ముఖ్యంగా పొట్ట చుట్టూ, ఎక్కువ ఉంటుంది.

అందుకే నడుము కొలత కూడా కావాలి. కుట్టుమిషన్ టేపు చాలు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, పొట్ట బిగించకుండా, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. చీర కట్టు మీదనుంచి కొలిస్తే తప్పొస్తుంది.

ఇంకో రెండు వివరాలు అదే కాగితం మీద రాయండి: పెళ్లినాటి బరువు ఎంత, ఊపిరి ఇబ్బంది మొదటిసారి ఎప్పుడు వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే డాక్టర్‌కి సగం కథ అర్థమవుతుంది.

రెండో మెట్టు: రెండు వారాల నోటుపుస్తకం

నాకు అన్నింటికన్నా పనికొచ్చింది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పీక్ ఫ్లో మీటర్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బ్యాటరీ ఉండదు, ఊదితే ముల్లు జరుగుతుంది. నిలబడి, ముల్లు కిందికి దించి, గుండెల నిండా గాలి తీసుకుని, గొట్టం చుట్టూ పెదాలు గట్టిగా మూసి ఒక్కసారిగా బలంగా ఊదాలి, క్యాండిల్ ఆర్పినట్టు. మూడుసార్లు ఊది, పెద్ద సంఖ్య రాసుకోవాలి. పొద్దున్న లేవగానే మందు వాడకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి.

అక్క పాత స్కూలు నోటుపుస్తకంలో గీతలు గీసి రాసింది. మొదటి రోజు పొద్దున్న 260, సాయంత్రం 330. తేడా 70. ఆ రెండింటి సగటు 295. డెబ్భైని 295తో భాగిస్తే 24 శాతం దగ్గర. ఇలా రెండు వారాల రోజువారీ తేడాల సగటు పెద్దవాళ్లలో 10 శాతం దాటితే ఉబ్బసాన్ని గట్టిగా అనుమానించాలి. బరువు వల్ల వచ్చే ఆయాసానికి పొద్దున్నా సాయంత్రం ఇంత తేడా ఉండదు, ఎందుకంటే బరువు పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉండదు కదా. "లావు వల్లే" అన్న మాటకి జవాబు ఆ నోటుపుస్తకంలో దొరికింది. అది చూసి అక్క ఏడ్చింది. తన ఒళ్లు తప్ప ఇంకేదో కారణం కూడా ఉందని రెండేళ్లలో మొదటిసారి రుజువు దొరికినట్టయింది.

సంఖ్యల పక్కనే గుర్తులు కూడా రాయండి. రాత్రి దగ్గుతో లేచారా, పిల్లికూతలు వినిపించాయా, మెట్లెక్కితేనే వచ్చిందా లేక ఊరికే కూర్చున్నా వచ్చిందా, పోపు ఘాటుకి వచ్చిందా, ఆ రోజు నెలసరి ఎన్నో రోజు. మెట్లెక్కి ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోయే ఆయాసం ఒక రకం. పని ఆపేశాక పది నిమిషాలకి పెరిగే ఛాతీ బిగువు ఇంకో రకం, అది ఉబ్బసం పోలిక.

మూడో మెట్టు: పరీక్షలు, అడగాల్సిన ప్రశ్నలు

నోటుపుస్తకం పట్టుకుని పల్మనాలజిస్ట్, అంటే ఊపిరితిత్తుల డాక్టర్, దగ్గరికి వెళ్లండి. స్పైరోమెట్రీ చేయమని అడగండి. గొట్టంలోకి ఊదించి, తర్వాత ఇన్‌హేలర్ ఇచ్చి పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, మందు తర్వాత 12 శాతం, దానితో పాటు కనీసం 200 మిల్లీలీటర్లు పెరిగితే ఉబ్బసానికి బలమైన ఆధారం. రిపోర్టులో ఇంకొకటి చూడండి. ఉబ్బసంలో మొదటి సెకను గాలికీ మొత్తం గాలికీ ఉన్న నిష్పత్తి పడిపోతుంది. బరువు ఒక్కటే కారణమైతే రెండూ కలిసి కొద్దిగా తగ్గుతాయి, నిష్పత్తి మామూలుగానే ఉంటుంది. పరీక్షకి ముందు ఏ ఇన్‌హేలర్ ఎన్ని గంటలు ఆపాలో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి, లేకపోతే డబ్బులు దండగ.

బాగున్న రోజున స్పైరోమెట్రీ మామూలుగా రావచ్చు. అంతమాత్రాన ఉబ్బసం లేదని కాదు. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. కెనడాలో ఉబ్బసం ఉందని డాక్టర్లు చెప్పిన 613 మంది పెద్దవాళ్లని మళ్లీ జాగ్రత్తగా పరీక్షిస్తే మూడో వంతు మందికి అప్పటికి ఉబ్బసమే లేదని తేలింది. 2017లో వచ్చిన ఫలితం ఇది. అంటే ఏళ్ల తరబడి ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్లు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవడం న్యాయం.

ఊపిరితిత్తులతో పాటు రక్తం చూపించుకోండి. ఇది మన ఆడవాళ్ల విషయంలో తప్పనిసరి. ఇందాక చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. లావుగా ఉన్నారు కాబట్టి రక్తం బాగుంటుందని అనుకోవడం పెద్ద పొరపాటు. హిమోగ్లోబిన్ తొమ్మిదో పదో ఉంటే ఏ ఇన్‌హేలరూ ఆ ఆయాసం తగ్గించలేదు. థైరాయిడ్, షుగర్ కూడా చూడాలి. కాళ్ల వాపు, ఛాతీ నొప్పి, వెల్లకిలా పడుకోలేకపోవడం ఉంటే గుండె పరీక్ష వాయిదా వేయకండి.

నాలుగో మెట్టు: మందుల సంచి బల్ల మీద బోర్లించండి

ఇంట్లో ఉన్న మందులన్నీ, పేరు లేని పొట్లాలతో సహా, డాక్టర్ ముందు పెట్టండి. వాటిలో ముఖ్యంగా వెతకాల్సినవి నాలుగు.

స్టెరాయిడ్ మాత్రలు, సూదులు. ఉబ్బసం తీవ్రమైనప్పుడు ఐదారు రోజులు స్టెరాయిడ్ మాత్రలు ప్రాణం కాపాడతాయి, అప్పుడు భయపడకూడదు. నెలనెలా వాడితే మాత్రం ఆకలి పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, షుగర్, బీపీ వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. పెరిగిన బరువు ఉబ్బసాన్ని పెంచుతుంది, దానికి మళ్లీ స్టెరాయిడ్. అక్క ఏడాది పాటు తిరిగిన గానుగ ఇదే. ఈ మాట చదివి ఈరోజే ఆపేయకండి. వారాల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు కుప్పకూలుతుంది, డాక్టర్ చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి.

ప్రొప్రనలాల్. మైగ్రేన్‌కి, గుండెదడకి, టెన్షన్‌కి ఆడవాళ్లకి తరచుగా రాసే మాత్ర. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఇది శ్వాసనాళాల్ని బిగించేస్తుంది. తలనొప్పి డాక్టర్‌కి ఉబ్బసం సంగతి చెప్పరు, ఉబ్బసం డాక్టర్‌కి తలనొప్పి మాత్ర సంగతి చెప్పరు.

నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొందరికి పడవు, మింగిన గంటా రెండు గంటల్లో ముక్కు కారి ఊపిరి పట్టేస్తుంది. నెలసరి నొప్పికి వేసుకున్నప్పుడల్లా ఇలా జరుగుతోందేమో గుర్తు చేసుకోండి.

మాంటెలుకాస్ట్. అలర్జీకి రాత్రిపూట వేసుకునే మాత్ర. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరిలో నిద్ర చెడటం, దిగులు, చెడ్డ ఆలోచనలు వస్తాయని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తన అత్యున్నత హెచ్చరిక ఇచ్చింది. మనసు బాగాలేకపోవడం ఈ మాత్రతోనే మొదలైతే వెంటనే చెప్పండి.

ఐదో మెట్టు: ఇన్‌హేలర్ భయం పోగొట్టుకుని, సరిగ్గా పీల్చడం

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది", "అదే ఆఖరి మందు", "పెళ్లికాని పిల్ల చేతిలో అది కనపడితే సంబంధాలు రావు". ఈ మాటల వల్ల ఎంతమంది ఆడవాళ్లు బాత్రూమ్‌లో దాక్కుని మందు పీలుస్తున్నారో తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. లెక్క చూడండి. ఒక స్టెరాయిడ్ మాత్రల కోర్సులో రోజుకి 40 మిల్లీగ్రాములు మింగిస్తారు. ఇన్‌హేలర్‌లో ఒక మోతాదు 200 మైక్రోగ్రాములు కావచ్చు. మందులు వేరు, వాటి బలం వేరు, కాబట్టి నేరుగా పోల్చకూడదు గానీ, తూకానికి మాత్రం మాత్రలో ఉన్నది రెండు వందల రెట్లు. పైగా పీల్చిన మందు చేరాల్సిన చోటికే చేరుతుంది.

నీలం రంగు సాల్బుటమాల్ ఒక్కటే పీలుస్తూ నెట్టుకురావడం ప్రమాదం. అది కండరాన్ని వదులు చేస్తుంది, లోపలి వాపుని ముట్టుకోదు. 2019 నుంచి ప్రపంచ ఉబ్బస మార్గదర్శకాలు దాన్ని ఒంటరిగా వాడొద్దనే చెబుతున్నాయి. వాపు తగ్గించే మందు కలిసిన ఇన్‌హేలర్ ఉండాలి, మీకు ఏది అన్నది డాక్టర్ చెబుతారు.

పీల్చే పద్ధతి రకాన్ని బట్టి మారుతుంది, తప్పులన్నీ ఇక్కడే. స్ప్రే డబ్బా అయితే బాగా ఊపి, స్పేసర్‌కి (మందు నిలిచేందుకు డబ్బాకి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) బిగించి, ఊపిరి పూర్తిగా వదిలి, ఒకసారి నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చాలి. పది లెక్కపెట్టే దాకా ఊపిరి బిగబట్టాలి. పొడి క్యాప్సూల్ రకమైతే నెమ్మదిగా పీల్చకూడదు, గట్టిగా, వేగంగా లాగాలి. ఆ క్యాప్సూల్ని నీళ్లతో మింగేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మీ అమ్మగారో అత్తగారో వాడుతుంటే ఒకసారి పక్కన నిలబడి చూడండి. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. స్పేసర్‌ని వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి.

మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు తీసుకునే కుటుంబాలు మాకూ తెలుసు. ఆ నమ్మకం జోలికి నేను పోను. దాని కోసం ఇన్‌హేలర్ మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి.

ఆరో మెట్టు: బరువు, వంటింటి లెక్కతో

ఎంత తగ్గాలి? ఇది వింటే ధైర్యం వస్తుంది. ఆస్ట్రేలియాలో బరువెక్కువున్న ఉబ్బసం రోగులపై చేసిన చిన్న అధ్యయనంలో పది వారాల్లో ఐదు నుంచి పది శాతం బరువు తగ్గినవాళ్లలో 58 శాతం మందికి ఉబ్బసం అదుపు మెరుగైంది, 83 శాతం మందికి రోజువారీ జీవితం తేలికైంది. 78 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. కాలేజీనాటి నడుము అక్కర్లేదు.

నూనెతో మొదలుపెట్టండి, ఎందుకంటే అది కొలవడానికి సులువు. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్లు వాడితే, లీటరుకి సుమారు 8,200 కేలరీల చొప్పున ఒక్కొక్కరికి రోజుకి 340 కేలరీలు నూనె నుంచే వస్తాయి. మూడు లీటర్లకి తెస్తే అది 205. ఎవరూ ఏమీ మానకుండా తలకి రోజుకి 135 కేలరీలు తగ్గాయి. అక్క ఒకటో తారీఖున మూడు ప్యాకెట్లు విడిగా పెట్టుకుని, నెలంతా అంతే అని గీత గీసుకుంది. మొదటి నెల ఇరవై రెండో తారీఖుకే అయిపోయింది. మూడో నెలకి సరిపోయింది.

వండిన అన్నం ఒక కప్పు, అంటే 150 గ్రాములు, 200 కేలరీల దగ్గర ఉంటుంది. అన్నం మానేయమని నేను చెప్పను, మానేసినవాళ్లు నెలకి మించి నిలబడటం చూడలేదు. కంచంలో ముందు కూర, పప్పు, ఆకుకూర పెట్టుకుని సగం నింపి, తర్వాత అన్నం పెట్టుకుంటే గరిటె దానంతటదే ఆగుతుంది. రోజూ పప్పు, గుడ్డు, పెరుగు, చేప లాంటివి ఉండాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.

ఇక అసలు చిక్కు ఆడవాళ్లు తినే పద్ధతిలో ఉంది. అందరికీ పెట్టి, పదింటికి కూర్చుని, గిన్నెలో మిగిలింది పారేయబుద్ధి కాక తినేసి, వెంటనే పడుకుంటారు. అవసరం లేని ఆ రెండు ముద్దలు బరువు, తిన్న వెంటనే పడుకోవడం పుల్లతేన్పులు, రెండూ ఊపిరికే చేటు. అక్క ఇంట్లో ఇప్పుడు ఎనిమిదింటికి అందరూ కలిసి కూర్చుంటారు. ఇది ఆడదాని ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు, ఇంట్లో మగవాళ్లు కూడా మారాలి.

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయాల సమస్య) ఉంటే బరువు తగ్గడం ఇంకా నెమ్మది, ఆ వైద్యం కూడా పక్కనే సాగాలి. ఎంత చేసినా కదలని బరువుకి, బీఎంఐ బాగా ఎక్కువుంటే, కొత్త ఇంజెక్షన్లు, ఆపరేషన్ ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత శ్వాసనాళాలు కొంచెం రెచ్చగొట్టగానే బిగుసుకుపోయే గుణం కూడా తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. అది నిపుణులతో తీరిగ్గా మాట్లాడాల్సిన విషయం. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ఆ ఇంజెక్షన్లు వాడకూడదు, సెమాగ్లూటైడ్ అయితే కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

ఏడో మెట్టు: నడక

ఊపిరి ఆడదన్న భయంతో కదలకపోవడం, కదలక ఇంకా ఆయాసం రావడం, ఈ ముడి నెమ్మదిగానే విప్పాలి. ముందు పది నిమిషాలు చాలా నిదానంగా నడవండి. తర్వాతే వేగం పెంచండి, అదీ పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వరకే. చివర్లో ఒక్కసారిగా ఆగకుండా వేగం తగ్గిస్తూ రండి. వ్యాయామంతో ఛాతీ పట్టేసేవాళ్లు బయల్దేరే పావుగంట ముందు ఇన్‌హేలర్ వాడొచ్చేమో డాక్టర్ని అడగండి. చలికాలం తెల్లవారుజామున మంచు, పొగ కలిసిన గాలిలో కాకుండా ఎండ వచ్చాక నడవడం మేలు. వారానికి రెండు మూడు సార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదేసి సార్లు చేస్తే తొడ కండరం గట్టిపడుతుంది, మెట్లు తేలికవుతాయి.

ఎనిమిదో మెట్టు: రాత్రి ఏం జరుగుతోంది

గురక బాగా పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారి గుటక వేసినట్టు లేస్తున్నారా, పగలంతా తూగుతున్నారా? ఇంట్లోవాళ్లని అడగండి. అది స్లీప్ ఆప్నియా కావచ్చు. ఆడవాళ్లు గురక సంగతి సిగ్గుతో చెప్పరు, డాక్టర్లు ఆడవాళ్లని అడగరు. అది ఉండగా ఉబ్బసం అదుపులోకి రావడం కష్టం. పుల్లతేన్పులు రాకుండా రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉంచండి. దిండు మీద దిండు వేస్తే మెడ నొప్పి తప్ప లాభం లేదు, మంచం తల వైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తండి. ఎడమ పక్కకి తిరిగి పడుకోండి.

తొమ్మిదో మెట్టు: నెలసరి, కడుపుతో ఉన్నప్పుడు, ఆ తర్వాత

నెలసరికి ముందు నాలుగైదు రోజులు ఉబ్బసం పెరిగేవాళ్లు చాలామంది. నోటుపుస్తకంలో తేదీలు సరిపోలితే ఆ రోజులకి మందు ఎలా మార్చాలో ముందే రాయించుకోండి.

గర్భం వస్తే మూడో వంతు మందికి ఉబ్బసం పెరుగుతుంది, మూడో వంతుకి తగ్గుతుంది, మిగిలినవాళ్లకి మార్పు ఉండదు. బిడ్డకి హాని అని ఇన్‌హేలర్ ఆపేయడమే అసలు హాని. తల్లికి ఊపిరి అందకపోతే బిడ్డకి ఆక్సిజన్ అందదు. ముట్లుడిగే వయసులో హార్మోన్ మాత్రలు మొదలుపెడుతుంటే ఉబ్బసం సంగతి ముందే చెప్పండి.

పదో మెట్టు: ఇంటి గాలి

ఎండుమిర్చి పోపు వేసేటప్పుడు కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మొహం పక్కకి పెట్టండి. దోమల కాయిల్ బదులు తెర కట్టుకోండి. సాంబ్రాణి, అగరుబత్తీ పొగ పడకపోతే దీపం చాలు, దేవుడేమీ అనుకోడు. బాత్రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ పొడి ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది, ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్ని కూడా కాల్చేస్తుంది.

నెలకోసారి నాలుగు ప్రశ్నలు

గత నాలుగు వారాల్లో: పగలు ఇబ్బంది వారానికి రెండుసార్లు మించి వచ్చిందా? రాత్రి ఉబ్బసంతో మెలకువ వచ్చిందా? వెంటనే ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ వారానికి రెండుసార్లు మించి అవసరమైందా? ఉబ్బసం వల్ల ఏ పనైనా మానుకున్నారా? ఒక్కదానికీ అవును లేకపోతే అదుపులో ఉన్నట్టు. మూడు నాలుగింటికి అవును అంటే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. పదకొండు నెలలకి అక్క 71 కిలోలకి వచ్చింది, పొద్దుటి ఊదు 340 దాటింది, నాలుగింటికీ కాదు అని రాసింది. మెట్ల మలుపు దగ్గర ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది, సంచి మాత్రం కింద పెట్టదు.

ఫ్రిజ్ మీద అతికించాల్సిన కాగితం

బాగున్న రోజుల్లో వచ్చిన అతిపెద్ద పీక్ ఫ్లో సంఖ్య పైన రాయండి. 340 అనుకుందాం. దానిలో 80 శాతం 272, సగం 170. 272 కిందికి దిగితే డాక్టర్ రాసిచ్చిన ప్రకారం మందు పెంచాలి. 170 కిందికి దిగితే ఆసుపత్రికి.

మీటర్ లేకపోయినా గుర్తుపట్టే సంగతులు: ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం, పెదాలు నీలబడటం, మెడ కింద గుంట లోపలికి పోవడం, వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో 92 కంటే తగ్గడం, మత్తుగా అయిపోవడం. పిల్లికూతలు వినిపించడం ఆగిపోయి మనిషి అలసిపోతే తగ్గిందనుకోకండి, గాలి ఆడటమే లేదని అర్థం.

అప్పుడు పడుకోబెట్టకుండా ముందుకి వంచి కూర్చోబెట్టండి, లావుగా ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. సాల్బుటమాల్‌ని స్పేసర్‌తో ఒక్కొక్క పఫ్ చొప్పున, ఒక్కోదానికి నాలుగైదు శ్వాసలు తీసుకుంటూ, నాలుగు నుంచి పది పఫ్‌ల దాకా ఇవ్వండి. 108కి ఫోన్ చేయండి. తగ్గకపోతే ఇరవై నిమిషాలకి మళ్లీ అదే, దారిలో కూడా. ఆ కాగితం మీద 108 పక్కనే, మీకు దగ్గర్లో రాత్రిపూట కూడా డాక్టర్, ఆక్సిజన్ ఉండే ఆసుపత్రి పేరు, అక్కడి ఫోన్ నంబరు ఇప్పుడే కనుక్కుని రాయండి.